నూట పదిహేడో చెరువు

సోమవారం పొద్దున్న ఆఫీసు తాళం తీసేటప్పటికే పైడమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా ఎండిన బురద. మామిడికుదురు అవతలి లంక నించి తొలి బస్సుకి వచ్చినట్టుంది. ఎవరినీ ఏమీ అడగకుండా తిన్నగా కంప్యూటరు గదిలోకి వచ్చి, భూలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చునేదాకా ఆగి, అప్పుడంది.

"నా చెరువుకి రోగమొచ్చిందని నాకంటే ముందు కొనేవోడికెలా తెలిసిందమ్మా?"

భూలక్ష్మి కీబోర్డు దగ్గరకి లాక్కుంది. "ఏ చెరువండీ మీది?" అంది.

"నంబరు నాకేటెరిక? పైడమ్మ చెరువంటే చెప్పేస్తారు మావోళ్ళు."

అది రొయ్యల మేత అమ్మే కంపెనీ. మేత కొన్న రైతుల చెరువుల్లో నీళ్ళూ రొయ్యలూ అమలాపురం ల్యాబులో పరీక్ష చేసి పెడుతుంది. ఫలితాలన్నీ భూలక్ష్మి రాసిన ప్రోగ్రాములోకి ఎక్కుతాయి. రాజోలు, కొత్తపేట, మామిడికుదురు బ్రాంచీల ఇన్‌ఛార్జీలు ఫోను లైను మీద మోడెం కలుపుకుని, అదే స్క్రీను అక్కడ చూసుకుని, రైతులకి కబురు చెబుతారు. కిందటేడు ఆ ప్రోగ్రాము మొదలెట్టిన రోజున ఆఫీసంతా పూతరేకులు పంచేరు.

భూలక్ష్మి పేరు కొట్టి వెతికింది. నూట పదిహేడో చెరువు. శనివారం పదకొండింటికి మొదటి పరీక్ష: అనుమానం, మళ్ళీ చెయ్యాలి. ఆదివారం సాయంత్రం అయిదింటికి రెండో పరీక్ష. ఆ గడిలో ఉన్న మాట చూసి ఆవిడ ఒకసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"పైడమ్మగారూ, మీ చెరువుకి రోగం లేదండి."

 పైడమ్మ నెమ్మదిగా, గోడని ఆనుకుని, కింద చతికిలబడిపోయింది.

"నిన్న పట్టించేసేనమ్మా," అంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా కొనేవాళ్ళ మనిషి గట్టు మీదకొచ్చేడట. తెల్లమచ్చ రోగం తగిలింది, ల్యాబులో తేలిపోయింది, రేపు సాయంత్రానికి రొయ్యలన్నీ చచ్చి పైకి తేలతాయి, ఇప్పుడైతే ఏదో ధరకి ఎత్తుతాం అన్నాడట. ఇంకో మూడు వారాలు పెరగాల్సిన రొయ్య. ఆదివారం తెల్లారి వలలు దింపేసేరు. "వలలో పడ్డ రొయ్య ఎగిరెగిరి పడిందమ్మా. రోగమొచ్చిన రొయ్య అలా ఎగురుతాదా అని నాకనుమానమొచ్చింది. ఎవర్నడగను?"

మేనేజరు ఆదినారాయణగారు అప్పుడే వచ్చేరు. ఆయన చెడ్డమనిషేం కాదు. పనివాళ్ళ పిల్లల పుట్టినరోజులు కూడా గుర్తుంటాయాయనకి. కానీ భూలక్ష్మి భుజం మీదనించి స్క్రీను చూసి, నేల మీదున్న పైడమ్మని చూసి, ఒక్క క్షణంలో మొహం మార్చేసుకున్నారు.

"అదింకా ఫైనల్ కాదమ్మా. మీరెళ్ళండి, మేం కబురు చేస్తాం."

"ఆ కాయితమేదో ఇస్తే అట్టుకెల్తానండి. మా ఊళ్ళో నా మాట నమ్మరు."

"కాయితాలు ఇవ్వరమ్మా ఇక్కడ. వెళ్ళిరండి."

పైడమ్మ లేచింది. చీర కుచ్చెళ్ళకి అంటుకున్న మట్టి గచ్చు మీద రాలింది. దాన్ని చేత్తో ఒక పక్కకి ఊడ్చి మరీ వెళ్ళింది.

* * *

పదిన్నరకి గంగబాబుని లోపలికి పిలిచేరు. ఊళ్ళు తిరిగి, మోపెడ్ మీద థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, శాంపిళ్ళు తెచ్చేది అతనే. అతనిదీ పైడమ్మ వాళ్ళ లంకే.

"నీ ఊరి మనిషి చెరువు. నువ్వు తెచ్చిన శాంపిలు. శనివారం పన్నెండింటిదాకా ఈ గదిలోనే ఉన్నావు," అన్నారు ఆదినారాయణగారు.

"ఖాళీ పెట్టె కోసం కూకున్నానండి. నాకు చదువే రాదండి. ఆ బొమ్మలో ఏముందో నాకెలా తెలుస్తాదండి?"

"చదివిపెట్టేవాళ్ళు దొరకరా ఏమిటి? పాస్‌వర్డు గోడ మీదే ఉంది కదా."

అందరి చూపూ గోడ మీదకి పోయింది. తెల్ల కాయితం మీద నీలం స్కెచ్‌పెన్నుతో GODAVARI అని పెద్దక్షరాలు. రాసింది భూలక్ష్మే. ఇలాంటిదే మిగతా మూడు బ్రాంచీల్లోనూ తనే అంటించి వచ్చింది, ఊడిపోకుండా నాలుగు మూలలా గమ్‌టేపు వేసి.

"అందరికీ ఒకటే పాస్‌వర్డండీ," అంది భూలక్ష్మి.  "అతనే అని ఎలా చెప్తామండీ?"

"మిగతా అందరూ మనవాళ్ళే కదమ్మా."

గంగబాబు జేబులోంచి మోపెడ్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టేడు. ఎవరూ అడక్కుండానే పెట్టేడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, "ఐసు పెట్టెలో రాజోలు శాంపిలుందండి, ఎండలో పెట్టకండి," అని చెప్పి వెళ్ళిపోయేడు.

ఆ మాటతో భూలక్ష్మికి ఆ రోజు ఇంక కుదురు లేకుండా పోయింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీలేదు. కడిగిన టీ గ్లాసులే మళ్ళీ కడిగింది. గోడ మీద కాయితం పీకితే సగం చిరిగి, GODA అన్నంత మేర గోడకే ఉండిపోయింది. గోళ్ళతో గీరింది. సున్నం ఊడొచ్చింది గానీ అక్షరాలు పూర్తిగా పోలేదు.

ప్రోగ్రాము రాసేటప్పుడు మనిషికో పాస్‌వర్డు పెడతానని తను అనకపోలేదు. "వాళ్ళకి ఒక్కటే గుర్తుండదు, నాలుగెక్కడ గుర్తుంటాయమ్మా" అన్నారు మేనేజరుగారు. తనూ ఊఁ అనేసింది. నిజానికి తనకీ పని తగ్గింది.

సాయంత్రం ఆయన గదిలోకి వెళ్ళి చెప్పింది. "సార్, మనిషికో పేరు, మనిషికో పాస్‌వర్డు పెడతానండి. ఎవరు ఏ చెరువు తెరిచేరో, ఎన్ని గంటలకి తెరిచేరో రాసుకునేలా చేస్తాను. ఒక బ్రాంచి చెరువులు ఇంకో బ్రాంచికి కనపడవు. రెండు రోజులు టైమివ్వండి."

"చెయ్యమ్మా. ముందే చేసుండాల్సింది," అన్నారాయన. ముందు వద్దన్నది తనేనని ఆయనకి గుర్తున్నట్టు లేదు.

* * *

మంగళవారం, బుధవారం ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ప్రోగ్రాము విప్పి చూసుకుంటుంటే, తలుపులు లేని ఇల్లు కట్టి గృహప్రవేశం చేసినట్టనిపించింది. ఒక్కో స్క్రీనుకీ ముందు అడ్డం పెట్టుకుంటూ వచ్చింది. అయిదుసార్లు తప్పు కొడితే మూసుకుపోవాలి. పది నిమిషాలు ముట్టుకోకపోతే దానంతటదే ఆగిపోవాలి. ఎవరు తెరిచినా ఒక వరస పడాలి: పేరు, తేదీ, టైము, చెరువు నంబరు. ఆ వరసని తను కూడా చెరపడానికి వీలుండకూడదు. అది రాస్తున్నప్పుడు మాత్రం ఒక్క క్షణం వేళ్ళు ఆగేయి.

బుధవారం మధ్యాహ్నం ముగ్గురు ఇన్‌ఛార్జీలనీ పిలిపించి, పాస్‌వర్డు రాసిన చీటీ కవర్లో పెట్టి అంటించి ఎవరిది వాళ్ళకిచ్చి సంతకం పెట్టించుకుంది. మామిడికుదురు ఇన్‌ఛార్జి మాణిక్యాలరావుగారు అందరికంటే పెద్దాయన. మేత గోడౌనులో ఇరవై రెండేళ్ళు పని చేసిన మనిషి. ఆయన తెలుగు దస్తూరీ చూసి పెళ్ళి శుభలేఖలు రాయించుకునేవారట ఆ ఊళ్ళో. భూలక్ష్మి ఆయన్ని బాబాయిగారనే పిలుస్తుంది.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పక్కవాళ్ళకి చెప్తే ఏమవుద్దమ్మా?" అనడిగేరు.

"చెప్పకూడదండీ బాబాయిగారూ. ఇక మీ పేరు మీద ఎవరు తెరిచినా మీరే తెరిచినట్టు."

"ఆయ్," అన్నారాయన. కవరు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు.

గురువారం పొద్దున్న ఆయనే మళ్ళీ వచ్చేరు, మేత ఇండెంటు పట్టుకుని. బస్సు ఎక్కి ఆ ఒక్క కాయితం కోసం రానక్కర్లేదు, ఫోనులో చెప్పొచ్చు. భూలక్ష్మి టీ తెప్పించింది. ఆయన ఇండెంటు సంగతి చెప్పకుండా, వానల సంగతీ, ఉప్పు శాతం తగ్గిన సంగతీ ఏవేవో చెబుతూ కూర్చున్నారు. ఏదో చెప్పడానికి వచ్చి చెప్పలేకపోతున్న మనిషిలా మాటమాటకీ తలుపు వైపు చూసేరు.

పదీ నలభైకి బల్ల మీద మోడెం కీచుమంది. లైట్లు వెలిగేయి. స్క్రీను కింద కొత్తగా పెట్టిన వరసలో అక్షరాలు పడ్డాయి. మామిడికుదురు. మాణిక్యాలరావు. చెరువు నూట నాలుగు. చెరువు నూట తొమ్మిది. చెరువు నూట పన్నెండు.

భూలక్ష్మి ఆ పేరు చూసింది. ఎదురుగా టీ గ్లాసు పట్టుకున్న మనిషిని చూసింది. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచున పెట్టేరు. కింద పడి పగిలింది.

ఆవిడ మోడెం వైరు పీకేసింది.

"ఎవరు బాబాయిగారూ?"

ఆయన వంగి గాజుపెంకులు ఏరడం మొదలెట్టేరు. ఒక్కొక్కటే ఏరి ఎడంచేతిలో పెట్టుకుంటున్నారు. "సత్తిరాజమ్మా. మా పక్క జిరాక్సు షాపు. చదివిపెడతాడు నాకు. నీ కవరూ వాడే విప్పి చదివేడు."

"చదివిపెట్టడమేమిటండీ?"

ఆయన ఇంకో పెంకు అందుకున్నారు. తల ఎత్తకుండానే చెప్పేరు.

"నాది అయిదో తరగతమ్మా. తెలుగైతే ఏదైనా చదువుతాను. కిందటేడు నువ్వొచ్చి కంప్యూటరు పెట్టి, అన్నీ ఇంగ్లీషులో చూపించి, అర్థమైందా బాబాయిగారూ అన్నావు. రాజోలాయనా కొత్తపేటాయనా డిగ్రీలు చదువుకున్నవాళ్ళు, ఆయ్ అన్నారు. నేనూ ఆయ్ అన్నాను. రేపోమాపో నేర్చుకుందాంలే అనుకున్నాను. పొద్దున్న వాడే వచ్చి తెరుస్తాడు, ఎవరెవరికి ఏమేం వచ్చేయో చెబుతాడు, నేను నా పుస్తకంలో రాసుకుని రైతులకి చెబుతాను. శనివారం పైడమ్మ చెరువుకి వైరసన్నాడు. రెండో పరీక్ష అయ్యేదాకా రైతుకి చెప్పకూడదని రూలు కదా, నేను చెప్పలేదు. వాడి బావమరిది రొయ్యలు కొంటాడని నాకు తెలుసు. తెలిసి కూడా..."

ఆయన వేలు తెగి నెత్తురొచ్చింది. చూసుకోలేదు.

భూలక్ష్మికి కోపం వచ్చినట్టే వచ్చి ఎక్కడో ఆగిపోయింది. రెండు రోజులు కూర్చుని ఇన్ని అడ్డాలు కట్టింది. లోపలికి రావాల్సిన మనిషికి లోపల ఉన్నది చదవడం వచ్చా రాదా అని ఏ ఒక్కరోజూ అడగలేదు. ఆ ప్రోగ్రాములో ఫలితం చెప్పే మాటలు మొత్తం మూడే. ఉంది, లేదు, అనుమానం. ఆ మూడూ తెలుగులో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

"గంగబాబు మూడు రోజుల నించి ఇంట్లో కూర్చున్నాడు బాబాయిగారూ," అంది.

"అందుకే వచ్చేనమ్మా. నిన్న రాత్రి వాడి ఇంటి ముందునించి వెళ్ళేను. పలకరించేడు. 'భోంచేసేరా అండీ' అన్నాడు." ఆయన పెంకులన్నీ చెత్తబుట్టలో వేసి, చెయ్యి పంచెకి తుడుచుకున్నారు. "నువ్వు చెప్పేస్తావా మేనేజరుగారికి?"

"నేను చెప్పనండి. మీరే చెప్పండి."

ఆయన మేనేజరుగారి గది బయట బెంచీ మీద అరగంట కూర్చున్నారు. రెండుసార్లు లేచేరు, రెండుసార్లు కూర్చున్నారు. మూడోసారి లోపలికెళ్ళి, తలుపు కూడా వెయ్యకుండా, ఆఫీసంతా వినపడేలా చెప్పేరు. "నాకు ఇంగ్లీషు చదవడం రాదండి. ఆ గంగబాబు తప్పేం లేదు. వాడు చదువు రాదని మొదటిరోజే చెప్పేడు. నేను చెప్పలేదు."

* * *

శుక్రవారానికి గంగబాబు చేతికి తాళంచెవి వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదతనికి. తాళంచెవి బల్ల మీద పెట్టి ఉంటే తీసుకున్నాడు, అంతే. సత్తిరాజు మామిడికుదురు బ్రాంచి గుమ్మం తొక్కకూడదన్నారు. మాణిక్యాలరావుగారిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు గానీ, ఆయన వైపు చూడ్డం మానేసేరు మేనేజరుగారు. భూలక్ష్మి డీటీపీ చేసేవాళ్ళ దగ్గర తెలుగు ఫాంటు తెచ్చుకుని, మూడు మాటలూ, వాటి మీద గళ్ళ పేర్లూ తెలుగులోకి మార్చింది. గంటన్నర పట్టింది.

మధ్యాహ్నం గంగబాబు ఐసు పెట్టె దింపి, వెళ్ళకుండా గుమ్మంలోనే నించున్నాడు.

"మేడంగారండి. పైడమ్మత్తని చెరువు ఎండగట్టనివ్వట్లేదండి. రోగం నీళ్ళు కాలవలోకి వదిలితే మా చెరువులకి తగుల్తాదని పక్క చెరువుల బుల్లిరాజుగారోళ్ళు తూముకి ఇసక బస్తాలు అడ్డమేసేరు. ఎండకపోతే మళ్ళీ రొయ్యపిల్ల వెయ్యడానికి లేదు కదండీ. రోగం లేదని ఆవిడ చెప్తాదండి. కాయితమేదీ అంటారాళ్ళు."

భూలక్ష్మి మేనేజరుగారి దగ్గరకెళ్ళింది. రెండో పరీక్ష ఫలితం ఒక కాయితం మీద ఇమ్మని అడిగింది.

ఆదినారాయణగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. "ఆలోచించమ్మా. రోగం లేదని మనం రాసిస్తే, మరి శనివారం ఉందన్న మాట ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతారు. కంపెనీ పేరేం కావాలి? ఇంత కష్టపడి మనిషికో పాస్‌వర్డు పెట్టేవు. ఎందుకు పెట్టేవు? లోపలి సంగతి బయటికి పోకూడదనే కదా."

"అది ఆవిడ చెరువు సంగతండీ."

"కావచ్చు. ఆవిడ మన లిస్టులో లేదు."

ఆ మాట నిజమే. లిస్టులో పదకొండు పేర్లున్నాయి. ల్యాబు వాళ్ళు నలుగురు, ఇన్‌ఛార్జీలు ముగ్గురు, మేనేజరుగారు, తను, హైదరాబాదులో ఇద్దరు. రైతు పేరు ఒక్కటీ లేదు. ఆ లిస్టు రాసింది తనే.

* * *

శనివారం సగం పూట. పన్నెండున్నరకి భూలక్ష్మి ప్రింటరు ఆన్ చేసి ఒకే ఒక్క పేజీ కొట్టి, కంపెనీ ముద్ర వేసింది. గడగడమని ఆ మిషను చప్పుడుకి ల్యాబులోంచి ఒకరు తొంగి చూసేరు. ఆవిడ దాచుకోలేదు. ప్రోగ్రాములో వరస పడింది: భూలక్ష్మి, పన్నెండూ ముప్ఫై రెండు, చెరువు నూట పదిహేడు. సోమవారం మేనేజరుగారు తెరిస్తే మొదట కనపడేది అదే. చెరపడానికి లేదు.

మామిడికుదురులో బస్సు దిగేటప్పటికి గంగబాబు మోపెడ్‌తో ఉన్నాడు. కాలవగట్టు మీద మోపెడ్ వెళ్ళినంత మేర వెళ్ళి, అక్కణ్ణించి నడిచేరు. రెండు పక్కలా చెరువులు, నీళ్ళకి గాలి పట్టించే చక్రాల చప్పుడు, మేత వాసన. చెప్పులు బురదలో దిగబడిపోతుంటే ఆవిడ వాటిని చేత్తో పట్టుకుంది.

పైడమ్మ తన చెరువు గట్టు మీద చిరిగిన వల బాగుచేసుకుంటోంది. చెరువులో నడుమెత్తు నీళ్ళు కదలకుండా, పచ్చగా ముదిరి ఉన్నాయి. తూము దగ్గర ఆరు ఇసక బస్తాలు. కాలవ అవతల బుల్లిరాజుగారు, ఇంకో నలుగురు రైతులు, కుర్చీలు వేసుకుని కాపలా కూర్చున్నట్టే ఉన్నారు.

భూలక్ష్మి కాయితం పైడమ్మ చేతికిచ్చింది. "మీదండి ఇది."

పైడమ్మ దాన్ని తిరగేసి పట్టుకుని చూసి, వెనక్కిచ్చేసింది. "నేనట్టుకుని ఏం చేసుకోను? చదువు. గట్టిగా చదువమ్మా, ఆళ్ళకి కూడా వినపడాలి."

"చదవమంటారా? అందరి ముందూ?"

"నా చెరువే కదా. చదువు."

భూలక్ష్మి చెప్పులు గట్టు మీద వదిలేసి తూము దాకా నడిచింది. ఆఫీసులో పదిమంది ముందు నోరెత్తి ఎరగదు. కాయితం గాలికి కొట్టుకుంటుంటే రెండు చేతులా పట్టుకుంది.

"నూట పదిహేడో చెరువు. రైతు పేరు పైడమ్మ. మొదటి పరీక్షలో అనుమానం అని వచ్చింది. అనుమానమంటే రోగం ఉందని కాదు, మళ్ళీ చెయ్యాలని. ఆదివారం సాయంత్రం మళ్ళీ చేసేరు. తెల్లమచ్చ లేదు." కాయితం కిందికి దించింది. "ఉందన్న మాట మా దగ్గర్నించే బయటికొచ్చింది. అది మా తప్పు. పైడమ్మగారిది కాదు, గంగబాబుదీ కాదు."

 గంగబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బుల్లిరాజుగారు లేచి, కాలవ మీద తాటిదుంగ దాటి ఇవతలికి వచ్చేరు. కాయితం తీసుకుని కంపెనీ ముద్ర చూసేరు, తేదీ చూసేరు. "మరి మా చెరువుల సంగతేంటమ్మా? నాదీ, ఆ అవతలాయనదీ?"

"అవి ఇక్కడ చెప్పనండి. పైడమ్మగారు చెప్పమన్నారు కాబట్టి ఆవిడది చెప్పేను."

ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, గొంతు బాగా తగ్గించి, "నాది నాకొక్కడికీ చెప్తారా?" అనడిగేరు.

"సోమవారం ల్యాబుకొచ్చి అడగండి. మీది మీకు చెప్పం అనడానికి ఎవరికీ నోరు రాదు," అంది భూలక్ష్మి. సోమవారం తను ఆ కుర్చీలో ఉంటుందో లేదో మాత్రం చెప్పలేదు.

ఆయన ఇసక బస్తా ఒకటి కాలితో నెట్టేరు. అవతలి రైతులు వచ్చి మిగతావి లాగేసేరు.   పైడమ్మ వల పక్కన పెట్టి వచ్చి, తూము పలక రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది. బిగుసుకుపోయి రాలేదు. భూలక్ష్మి మోకాలి దాకా దిగి, రెండో అంచు పట్టుకుంది.

పలక ఒక్కసారిగా లేచింది. నీళ్ళు బుగబుగమంటూ కాలవలో పడ్డాయి. నీళ్ళతోపాటు వలలో చిక్కకుండా మిగిలిపోయిన రొయ్యలు నాలుగైదు, నల్లచారలతో, ఎగిరి పైకొచ్చేయి. పైడమ్మ ఒకదాన్ని చేత్తో అందుకుని, ఎండకి ఎత్తి, తల మీద పెంకు బొటనవేలితో తుడిచి చూసింది. మచ్చ లేదు.

"పట్టించకుండా ఉంటే అన్నీ ఈపాటికి ఇంతయ్యుండేవి," అంది. దాన్ని కాలవలోకి వదిలేసింది.

 నీళ్ళు పోతూనే ఉన్నాయి.